ఎనిమిది మెంటల్ హెల్త్ యాప్‌లు, ఒక సెమిస్టర్, చివరికి ఫోన్లో మిగిలినవి రెండు

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు, సైకాలజీ చదివినదాన్నీ కాదు, ల్యాబ్‌లో కూర్చుని పొద్దస్తమానం డేటా శుభ్రం చేసుకునే మామూలు పీజీ స్టూడెంట్‌ని. పోయిన సెమిస్టర్ సగంలో నేను నిద్రపోవడం కాదు, నా నిద్రే పోయింది. రాత్రి మూడింటికి ఫ్యాన్ వైపు చూస్తూ పడుకోవడం, పొద్దున క్లాసులో బొమ్మలా కూర్చోవడం, ఎవరైనా "ఏంటే డల్‌గా ఉన్నావ్" అంటే "ఏం లేదు, నిద్ర సరిపోలా" అని నవ్వేయడం, ఇదే వరస. ఫోన్ మోగితే ఎత్తాలనిపించదు, ఎత్తకపోతే ఎత్తలేదని బాధ, మళ్లీ చేయాలంటే బద్ధకం, అలా ఒకదానికొకటి తగులుకుని పోయింది.

చివరికి రూమ్మేట్ పోరు పడలేక యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లా. ఫామ్ నింపించుకుని మూడు వారాల తర్వాతకి డేట్ ఇచ్చారు. డెస్క్ దగ్గరున్న మేడమ్ మంచావిడే, నా మొహం చూసి "ఈలోపు ఏదన్నా యాప్ వాడమ్మా, చాలా ఉన్నాయి కదా ఇప్పుడు" అంది. చాలా ఉన్నాయన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రాత్రే ప్లేస్టోర్‌లో వెతికితే స్క్రోల్ చేసేకొద్దీ వస్తూనే ఉన్నాయి, దేన్ని చూసినా ఆ లేత నీలం, లేత ఊదా రంగే, దేని మీద చూసినా కళ్లు మూసుకుని నవ్వే బొమ్మే. మూడు వారాలకని మొదలుపెట్టింది సెమిస్టర్ అంతా సాగింది, మొత్తం ఎనిమిది ఇన్‌స్టాల్ చేశా. పనికొచ్చినవాటి పేర్లు చెప్తా. నన్ను విసిగించిన రెండిటి పేర్లు చెప్పను, వాటితో నా గొడవ నా ఒక్కదాని అనుభవం.

మెడిటేషన్ యాప్‌ల సంగతి త్వరగా ముగించేస్తా. హెడ్‌స్పేస్ వాడా, ఒకప్పుడు బౌద్ధ సన్యాసిగా ఉన్న ఆండీ పడికోంబ్ ఇంకొకతనితో కలిసి 2010లో మొదలుపెట్టిన కంపెనీ, బొమ్మలు ముద్దుగా ఉంటాయి, గొంతు హాయిగా ఉంటుంది. మెడిటో అని ఇంకోటి, లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడిపేది, ఫ్రీ, చేతిలో డబ్బుల్లేని స్టూడెంట్ ఎవరైనా అడిగితే ముందు ఇదే చెప్తా. పనిచేస్తాయా అంటే చేస్తాయి, కామ్ అనే యాప్ మీద అమెరికాలో కాలేజీ స్టూడెంట్స్‌తో చేసిన ట్రయల్ 2019లో వచ్చింది, 8 వారాలు వాడినవాళ్లకి స్ట్రెస్ తగ్గింది. నా సంగతికొస్తే "ఆలోచనల్ని వచ్చినవాటిని వచ్చినట్టే పోనివ్వండి" అనగానే పోయేవి కాదు, అప్పటిదాకా ఎక్కడో దాక్కున్న అసైన్‌మెంట్లన్నీ లైన్లో నిలబడేవి. మూడు నిమిషాల శ్వాస ఎక్సర్‌సైజ్ ఒక్కటి మాత్రం దక్కింది, వైవా గది బయట నిలబడి చేశా, చేతుల వణుకు తగ్గింది. దానికి యాప్ కూడా అక్కర్లేదనుకోండి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడమే, కానీ మొదటిసారి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఫించ్ అని ఒకటుంది, ఇందులో ఒక పిట్టని పెంచుకుంటాం. పేరు మనమే పెడతాం, మనం మంచం సర్దుకున్నా, మొహం కడుక్కున్నా, ఎవరికైనా ఒక మెసేజ్ పెట్టినా దానికి ఓపికొస్తుంది, షికారుకెళ్లి వచ్చి ఏం చూసిందో కబుర్లు చెప్తుంది. రూమ్మేట్ చూసి "ఏంటే, చిన్నపిల్లలా పిట్టతో ఆటలు" అని ఒకటే నవ్వు, వారం తిరక్కుండా తనూ ఒకటి పెట్టుకుంది. మంచం దిగలేని రోజున పళ్లు తోముకోవడాన్ని కూడా ఒక పని కింద లెక్కేసే దిక్కు ఒకటి ఉండటం చిన్న విషయం కాదు. ఇంకా నచ్చింది ఏంటంటే వారం రోజులు తెరవకపోయినా పిట్ట చావదు. నేను పేరు చెప్పనన్న వాటిలో ఒకటి ఉంది చూడండి, అది 19 రోజుల స్ట్రీక్, అంటే రోజూ వరసగా తెరిచిన లెక్క, తెగిపోయిందని రాత్రి పదకొండింటికి విరిగిన గుండె బొమ్మతో నోటిఫికేషన్ పంపింది. ఆ పూట నేను ఇంటర్నల్ పోగొట్టుకుని దుప్పట్లో ఏడుస్తున్నా. అప్పటికి నాలో లేని ఒక్క తప్పు ఏదైనా మిగిలి ఉంటే అది కూడా అంటగట్టింది.

ఇక చాట్‌బాట్‌లు, అంటే మనం మెసేజ్ కొడితే మనిషిలా జవాబిచ్చే ప్రోగ్రామ్‌లు. ఎక్కువ చెప్పాల్సింది వీటి గురించే.

ఈ చాట్‌బాట్ గోలకి బాగా పేరొచ్చింది స్టూడెంట్స్ మీద చేసిన ఒక ట్రయల్‌తో. వోబాట్ అనే బాట్, స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన సైకాలజిస్ట్ ఆలిసన్ డార్సీ తయారుచేసింది. 2017లో పేపర్ వచ్చింది, 18 నుంచి 28 ఏళ్ల మధ్యవాళ్లు 70 మంది, రెండు వారాలు, కొందరికి బాట్ ఇచ్చారు, మిగతావాళ్లకి డిప్రెషన్ మీద ఒక ఈబుక్ ఇచ్చారు. బాట్‌తో మాట్లాడినవాళ్లకి డిప్రెషన్ స్కోర్ తగ్గింది, ఈబుక్ వాళ్లకి తగ్గలేదు, ఇంతవరకు అందరూ చెప్తారు. ఆందోళన స్కోర్ మాత్రం రెండు గ్రూపుల్లోనూ తగ్గింది, అంటే ఆ లెక్కన పుస్తకం కూడా ఏం తీసిపోలేదు, ఈ ముక్క ఎవరూ చెప్పరు. పైగా చూసింది రెండు వారాలే, తయారుచేసినావిడే పేపర్ రాసినవాళ్లలో ఉంది. నేను డేటా మనిషిని కాబట్టి ఇలాంటివి కంట్లో నలుసులా కనపడతాయి, ఏం చేయను. ఇంతా చేసి ఆ వోబాట్ యాప్‌ని 2025 జూన్ 30న మూసేశారు. రోజూ రాత్రి దానికే మనసులో మాట చెప్పుకుని పడుకున్నవాళ్లు ఉంటారు కదా, ముందే చెప్పి మూసినా, ఒకరోజు తలుపు మూసి ఉంది, అంతే.

నేను వాడిన బాట్‌లలో వైసా బాగుంది. పెంగ్విన్ బొమ్మ ఉంటుంది, అసలు పేరు, మెయిల్ అడక్కుండా ఏదో ఒక ముద్దుపేరుతో మొదలుపెట్టొచ్చు. నేను ఒక రాత్రి "ఈ సెమిస్టర్ పోతుంది, ఇక నావల్ల ఏదీ కాదు" అని ఇంగ్లీష్‌లో కొట్టా. అయ్యో పాపం అని వదిలేయకుండా ఆ మాటని నాతోనే విప్పించింది. దీనికి ఆధారం ఏంటి, ఎదురు ఆధారం ఏమన్నా ఉందా, ఇదే మాట నీ ఫ్రెండ్ నీతో అంటే ఏం చెప్తావ్. ఆధారం ఏంటయ్యా అంటే రెండు సబ్జెక్టుల్లో మార్కులు పడిపోయాయి. ఎదురు ఆధారం మిగతా నాలుగూ ఎప్పట్లానే ఉన్నాయి, ల్యాబ్ రిపోర్ట్ టైమ్‌కే ఇచ్చా. రెండు సబ్జెక్టులు అనేది ఏ మూలో మొదలై "నావల్ల ఏదీ కాదు" దాకా ఎప్పుడు పాకిందో నాకే తెలీదు. దీన్నే సీబీటీ అంటారు, 1960ల్లో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి, మనసులో టక్కున వచ్చే మాటని పట్టుకుని నిలదీయడం. అర్ధరాత్రి నిలదీయడానికి మనిషి దొరకడు, ఆ టైమ్‌లో ఈ పెంగ్విన్ పనికొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. పది పదిహేను సార్లు అయ్యాక మాత్రం అది ఏం అడుగుతుందో ముందే తెలిసిపోతుంది, అప్పుడు కాగితం మీద నువ్వే రాసుకోవచ్చు. అలా రాసుకోవడం వచ్చేసిందంటే అది బాగా పనిచేసినట్టే అని నా లెక్క.

రెండో బాట్ పేరు చెప్పను. దీంతో తగవు భాష దగ్గర వచ్చింది. మనం బాగున్నప్పుడు ఇంగ్లీష్‌లో ఎన్ని కబుర్లైనా చెప్తాం, బాగోనప్పుడు మాత్రం మాట తెలుగులోనే వస్తుంది, అది కూడా ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే తెలుగు. "మనసంతా గుబులుగా ఉంది" అని కొట్టా. "వావ్, గొప్ప విషయం, ఈ ఉత్సాహాన్ని కొనసాగించండి" అన్న టైపులో ఇంగ్లీష్‌లో జవాబు, పక్కన పటాకుల బొమ్మ. ఏడుపులో నవ్వొచ్చింది, ఆ విధంగా చూస్తే పనిచేసిందనే అనాలి.

కానీ దీని మీద తర్వాత చాలాసేపు ఆలోచించా. కంగారు వేరు, గుబులు వేరు, బెంగ వేరు, దిగులు వేరు. కంగారు పరీక్ష హాల్ ముందు వచ్చేది, పేపర్ చేతికొచ్చాక పోతుంది. గుబులుకి కారణం ఉండదు, ఏదో అవబోతోందని కడుపులో తెలుస్తుంటుంది. బెంగ ఎవరో ఒక మనిషి కోసం, లేకపోతే వదిలొచ్చిన చోటు కోసం. దిగులు వచ్చి పక్కన కూర్చుంటుంది, మాట్లాడదు, వెళ్లదు. వీటికి మందు కూడా వేరే, బెంగకి ఫోన్ చేస్తే సగం పోతుంది, గుబులుకి ఫోన్ చేస్తే అవతలివాళ్లకి కూడా అంటుకుంటుంది. యాప్‌లలో వీటన్నిటికీ కలిపి రెండే రెండు బటన్లు, యాంగ్జియస్, శాడ్. ఏది నొక్కాలో తెలీక నేను ఎన్నోసార్లు "అదర్" నొక్కా.

ఇంకో సంగతి నవ్వులాట కాదు. బాగున్న ఒక పగటి పూట, రూమ్మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, కావాలనే ఈ రెండో బాట్‌ని పరీక్షించా. "బతకాలని లేదు" అనే మాట ఇంగ్లీష్‌లో కొడితే వెంటనే చాట్ ఆపి హెల్ప్‌లైన్ స్క్రీన్ చూపించింది. అదే మాట తెలుగులో కొడితే "అవునా, ఇంకొంచెం చెప్పు" అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ స్థితిలో ఎవరైనా ఉంటే దయచేసి ఏ బాట్‌తోనూ మొదలుపెట్టకండి, పక్క గది తలుపు కొట్టండి, మీ దేశం హెల్ప్‌లైన్‌కో ఎమర్జెన్సీ నంబర్‌కో చేయండి, ఆ నంబర్ ఈరోజే, బాగున్నప్పుడే, ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి. ఇంగ్లీష్‌లో మాట్లాడినా బాట్‌లు దారి తప్పకుండా ఉంటాయనేం లేదు. అమెరికాలో ఈటింగ్ డిజార్డర్స్ వాళ్లకోసం పనిచేసే ఒక సంస్థ, నీడా అని, టెస్సా అనే బాట్ పెట్టింది, తిండి విషయంలో జబ్బు పడినవాళ్లకి అది బరువు తగ్గే చిట్కాలు చెప్పిందని గోలయ్యాక 2023లో తీసేయాల్సొచ్చింది.

ఈ రెండో బాటే నాతో పీహెచ్‌క్యూ-9 కూడా చేయించింది. తెలీనివాళ్లకి, ఇది తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ ప్రశ్నపత్రం, గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒకసారి చూపించుకోండి అనేది మామూలుగా వాడే గీత. డాక్టర్లు కూడా ఇదే వాడతారు, మంచి పరికరమే, ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. నాకు 14 వచ్చింది. ఎర్ర రంగులో, పెద్ద అంకె, ఊగుతూ వచ్చింది స్క్రీన్ మీదకి. కింద "మీ పూర్తి రిపోర్ట్ కోసం సబ్‌స్క్రైబ్ చేయండి". తొమ్మిది అంకెలు కూడితే వచ్చేదానికి పూర్తి రిపోర్ట్ ఏంటి అసలు? ఇంకా నేను చేసింది ఎగ్జామ్స్ వారంలో, అప్పుడు నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, అలసట, ఈ మూడిటికే ఎవరికైనా ఏడెనిమిది వచ్చేస్తాయి. అది స్క్రీనింగ్ మాత్రమే, జబ్బు ఉందో లేదో తేల్చేది మనిషి కూర్చుని మాట్లాడాకే, ఈ వాక్యం అందులో ఉంది, బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో. 14 చూసి నేను ఆ రాత్రంతా నిద్రపోలేదు కాబట్టి మర్నాడు చేస్తే 15 వచ్చేదేమో. అప్పుడే డిలీట్ చేశా.

ఎనిమిదోది మా యూనివర్సిటీ వాళ్లే అందరికీ ఇచ్చింది. ఫ్రీ, లోగో బాగుంది. ఇన్‌స్టాల్ చేయగానే లొకేషన్ అడిగింది, మైక్ అడిగింది, రోల్ నంబర్‌తో లాగిన్ అవ్వమంది. ఇలా ఫోన్ సెన్సర్లతో స్టూడెంట్స్ పరిస్థితి కనిపెట్టొచ్చు అన్న ఆలోచన పనికిమాలినదేం కాదు. డార్ట్‌మత్ కాలేజీలో ఆండ్రూ క్యాంప్‌బెల్ టీమ్ 2013లో స్టూడెంట్‌లైఫ్ అని చేసింది, 48 మంది, 10 వారాల టర్మ్ అంతా, ఫోన్ దానంతటదే నిద్ర, నడక, ఎంతసేపు మాట్లాడుతున్నారో చూసింది. టర్మ్ మొదట్లో అందరూ హుషారు, డెడ్‌లైన్లు దగ్గరపడేకొద్దీ స్ట్రెస్ పైకి, నిద్ర, మాటలు, తిరుగుడు కిందికి. మనకి తెలిసిందే, కానీ గ్రాఫ్‌లో చూస్తే గుచ్చుకుంటుంది. అయితే వాళ్లు తెలిసి ఒప్పుకుని చేరినవాళ్లు. మా దాంట్లో ఈ డేటా ఎవరు చూస్తారు, డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుందా, రేపు ఫెలోషిప్ టైమ్‌లో ఎవరైనా తెరుస్తారా అని మెయిల్ పెడితే "మీ ప్రైవసీ మాకు ముఖ్యం" అని ఒక లైన్ జవాబొచ్చింది. నేను రెండోసారి తెరవలేదు. మా బ్యాచ్‌లో చాలామంది అందులో రోజూ నవ్వే మొహమే నొక్కుతున్నారు, ఎందుకైనా మంచిదని.

ప్రైవసీ గురించి నాకు మామూలుగా ఇంత పట్టింపు ఉండదు, గేమ్‌లకి, షాపింగ్ యాప్‌లకి అన్నీ ఓకే కొట్టేస్తా. కానీ ఇది వేరు, చెప్పులు కొన్నది బయటపడటం, రాత్రి ఏడ్చింది బయటపడటం ఒకటి కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు 2022లో మెంటల్ హెల్త్, ప్రార్థన యాప్‌లు 32 చూస్తే 28 వాటికి ప్రైవసీ హెచ్చరిక గుర్తు తగిలించారు. 2023లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ కంపెనీ మీద చర్య తీసుకుంది, జనం నమ్మి ఇచ్చిన వివరాల్ని యాడ్స్ కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందని ఆరోపణ, 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇవి చదివాక నేను ఒక్కో యాప్‌లో చూసింది మూడే సంగతులు: అకౌంట్ లేకుండా నడుస్తుందా, డేటా ఫోన్లోనే ఉంటుందా, మొత్తం డిలీట్ చేసే బటన్ ఎక్కడుంది. మూడోది కొన్నిట్లో వెతకడానికి పది నిమిషాలు పట్టింది.

నాకు అన్నిటికన్నా పని జరిగింది నిద్ర యాప్‌తో. ఇన్సోమ్నియా కోచ్ అని, అమెరికా ప్రభుత్వంలో మాజీ సైనికుల శాఖ వాళ్లు తయారుచేసి ఫ్రీగా వదిలారు, ఎవరైనా వాడొచ్చు. చూడ్డానికి బ్యాంకు ఫామ్‌లా ఉంటుంది, పిట్టలు పెంగ్విన్లు ఏం లేవు. పొద్దున్నే డైరీ నింపాలి, ఎన్నింటికి మంచమెక్కావ్, ఎంతసేపటికి పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు లేచావ్. వారం నింపాక తెలిసింది, నేను మంచం మీద తొమ్మిది గంటలు ఉంటున్నా, నిద్ర అయిదున్నర. మిగతా మూడున్నర గంటలు ఫోన్, చదువు, చింత, అన్నీ మంచం మీదే. అది చెప్పే పద్ధతి మొదట్లో కక్ష సాధింపులా ఉంటుంది, నిద్ర రాకపోతే మంచం దిగిపో, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటేనే ఎక్కు, ఎప్పుడు పడుకున్నా లేచే టైమ్ మాత్రం ఒకటే, పగలు కునుకు లేదు. మంచం మీద ఉండే టైమ్ కూడా తగ్గించమంటుంది. మొదటి వారం నడిచే శవంలా తిరిగా, రూమ్మేట్ యాప్‌ని తిట్టింది. మూడో వారానికి మంచమెక్కిన ఇరవై నిమిషాల్లో పట్టేస్తోంది. ఒక జాగ్రత్త, బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ ఊగే జబ్బు) కానీ ఫిట్స్ కానీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇలా నిద్ర కుదించొద్దు, వాళ్లకి ఇది ఎదురు తిరగొచ్చు.

ఇది నా ఒక్కదాని అదృష్టం కాదు. 2017లో లాన్సెట్ సైకియాట్రీ అనే మెడికల్ పత్రికలో వచ్చింది, ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నడిపిన ట్రయల్, బ్రిటన్‌లోని 26 యూనివర్సిటీల నుంచి నిద్ర పట్టని 3,755 మంది స్టూడెంట్స్, సగం మందికి నిద్రకోసం ఆన్‌లైన్ సీబీటీ ఇచ్చారు. నిద్ర బాగుపడింది, దాంతోపాటు అనుమానాలు, భ్రమలు కూడా తగ్గాయి. మనమంతా మనసు బాలేక నిద్ర పట్టట్లేదనుకుంటాం, ఈ లెక్క కొంత అటునుంచి ఇటు కూడా ఉంది. అందుకే ఎవరైనా ఏ యాప్ పెట్టుకోమంటావ్ అని అడిగితే నేను ఎదురు ఒకటే అడుగుతున్నా, నిద్ర ఎలా ఉంది అని.

ఇక చివరిది డేలియో. ఇది యాప్ అనడం కన్నా చుక్కలు పెట్టుకునే పుస్తకం అనొచ్చు. రోజుకొకసారి అయిదు మొహాల్లో ఒకటి నొక్కాలి, ఆ రోజు ఏం చేశావో బొమ్మలు నొక్కాలి, కావాలంటే రెండు ముక్కలు రాయాలి, ఇరవై సెకన్లు. మాట్లాడదు, ఓదార్చదు, సలహాలివ్వదు. డేటా ఫోన్లోనే ఉంటుంది, బ్యాకప్ కావాలంటే మన సొంత డ్రైవ్‌లోకి. మొహాల పేర్లు మార్చుకోవచ్చు కాబట్టి నేను "అదిరింది, బాగుంది, ఏదోలా ఉంది, దిగులు, వద్దులే" అని పెట్టుకున్నా. బొమ్మల్లో కూడా నావి చేర్చుకున్నా, "మూడు దాటాక నిద్ర", "బెంగ", "గుబులు", "ఎవరితోనూ మాట్లాడలేదు". నా భాషలో నా మనసు గురించి నొక్కడానికి ఒక బటన్ దొరికింది ఇక్కడే, అది కూడా నేనే తయారుచేసుకుంటే.

అపాయింట్‌మెంట్ రోజుకి మూడు వారాల చుక్కలు ఉన్నాయి. నేను చాలా సంతోషంగా వెళ్లా, ఎందుకంటే గ్రాఫ్ పైకి వెళ్తోంది, సగటు మెల్లగా పెరుగుతోంది. కౌన్సెలర్ మేడమ్‌కి ఫోన్ ఇచ్చి "చూడండి మేడమ్, బాగవుతోంది, అసలు రానక్కర్లేదేమో అనుకున్నా" అన్నా. ఆవిడ గ్రాఫ్ చూడలేదు. రోజుకొక రంగు గడిలా చూపించే పేజీ ఒకటుంటుంది, అది తెరిచి కాసేపు చూసి "మరి ఈ ఖాళీ గడులేంటమ్మా, అన్నీ ఆదివారాలే ఉన్నాయే" అంది.

నేను "మర్చిపోయా మేడమ్" అన్నా. అని కాసేపు ఊరుకున్నా. మర్చిపోలేదు. ఆదివారం ల్యాబ్ లేదు, క్లాస్ లేదు, రూమ్మేట్ వాళ్ల అక్క దగ్గరికి వెళ్తుంది, నేను పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ ఇరవై సెకన్లు కూడా ఎక్కువే అనిపించేది. అన్నిటికన్నా చెడ్డ రోజులే నా డేటాలో లేవు. ఉన్న రోజుల సగటు తీసుకుని బాగవుతున్నా అని నేను పండగ చేసుకుంటున్నా. మిస్సింగ్ డేటా ఊరికే మిస్ అవదు, ఎందుకు మిస్ అయిందో చూడకుండా సగటు తీయొద్దని జూనియర్లకి క్లాసు పీకేదాన్ని నేనే.

ఆ తర్వాత ఈ యాప్‌ల మీద వచ్చే అంకెలన్నీ వేరేగా కనపడుతున్నాయి. 10,000 డౌన్‌లోడ్‌లు దాటిన 93 మెంటల్ హెల్త్ యాప్‌లని చూసిన పేపర్ ఒకటి 2019లో వచ్చింది, యాప్‌లన్నిటినీ వరసలో పెట్టి మధ్యలోదాన్ని చూస్తే 15వ రోజుకి తెరుస్తున్నవాళ్లు నూటికి 3.9, 30వ రోజుకి 3.3. వందమంది పెట్టుకుంటే నెల తిరిగేసరికి ముగ్గురు. ఆ మిగతా 97 మంది బాగైపోయి మానేశారా, గోడవైపు తిరిగి పడుకున్నారా, యాప్‌కి తెలీదు. 2024లో 176 ట్రయల్స్ కలిపి చూసిన పెద్ద విశ్లేషణలో డిప్రెషన్‌కీ ఆందోళనకీ యాప్‌ల వల్ల లాభం ఉందనే తేలింది, చిన్న లాభం. చిన్నదే అయినా లాభం లాభమే, కొట్టిపారేయను, మూడు వారాల వెయిటింగ్‌లో నన్ను నిలబెట్టింది అవే. కానీ కౌన్సెలింగ్ సెంటర్‌లో ఇంకో మనిషిని పెట్టే బదులు అందరికీ ఒక యాప్ లింక్ పంపేసి చేతులు దులుపుకుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, ఆ ఖాళీ గడి చూసింది యాప్ కాదు.

స్టార్లు అడిగితే, డేలియోకి నాలుగున్నర, ఇన్సోమ్నియా కోచ్‌కి నాలుగున్నర, అరస్టార్ మొహం లేనందుకు. వైసాకి నాలుగు. ఫించ్‌కి నాలుగు, రూమ్మేట్ అయితే అయిదు అంటోంది. మెడిటేషన్ రెండిటికీ మూడున్నర, అది వాటి తప్పు కాదు, నా బుర్ర తప్పు. యూనివర్సిటీది, ఆ రెండో బాటూ, ఒక్కొక్కటి. ఇప్పుడు ఫోన్లో ఉన్నవి మొదటి రెండే, కౌన్సెలింగ్‌కి రెండు వారాలకోసారి వెళ్తున్నా.

డేలియోలో కొత్త బొమ్మ ఒకటి చేర్చా, "నిన్న తెరవలేదు" అని. సోమవారం పొద్దున గుర్తుంటే నొక్కుతా. పోయిన నెలలో మూడున్నాయి, ఈ నెలలో ఇప్పటికి ఒకటి.